వ్యాఖ్యాతలా? వందిమాగధులా?

వ్యాఖ్యానమను మాట మన శాస్త్రములలో చిన్నమాట గాదు. పదములను విడదీయుట, వాని యర్థమును చెప్పుట, సమాసములకు విగ్రహము చూపుట, వాక్యమును అన్వయించుట, ఆక్షేపములకు సమాధానము చెప్పుట అను నీ యైదు పనులును గలదే వ్యాఖ్యానమని పెద్దలు లక్షణము చేసిరి. ఈ యైదింటిలో కడపటిది మిక్కిలి ముఖ్యమైనది. ఆక్షేపము నెఱుగనివాడు సమాధానము చెప్పజాలడు. సమాధానము చెప్పజాలనివాడు వ్యాఖ్యాత గాడు, వట్టి వల్లెవేయువాడు. మెదకు జిల్లా కొల్చారమునకు చెందిన మన మల్లినాథసూరి కాళిదాసు కావ్యములకు టీక వ్రాయబూనినప్పుడు, మూలమున లేనిదానిని వ్రాయననియు, అక్కఱలేనిదానిని చెప్పననియు ప్రతిజ్ఞ చేసెను. ఇన్ని శతాబ్దములు గడిచినను ఆ ప్రతిజ్ఞను మించిన నియమము వ్యాఖ్యాతలకు మఱియొకటి పుట్టలేదు.

ఇప్పుడు వ్యాఖ్యాతయను ఆ బిరుదమును ధరించిన వేఱొక తెగవారు కలరు. వారు మైదానము ప్రక్కను అద్దాల గదిలో కూర్చుండి, ఆట జరుగుచుండగనే దానిని గూర్చి మాటలాడుదురు. క్రికెట్టు పోటీలు జరుగు దినములలో ఒక్కొక్క సాయంకాలము మూడు నాలుగు గంటలపాటు వారి కంఠము మన నట్టింట మ్రోగుచున్నది. ఏ గురువునకును, ఏ పురాణికునకును, ఇంటిపెద్దకు సైతము పిల్లల చెవియొద్ద అంత చనువు లేదు. అంతటి చనువు గలవారు ఏమి చెప్పుచున్నారో, ఎవరి పక్షమున చెప్పుచున్నారో విచారింపవలసిన బాధ్యత గృహస్థులకు లేదా? మూలమున లేనిదానిని చెప్పుట, అక్కఱలేనిదానిని చెప్పుట, చెప్పవలసిన ఆక్షేపమును దాచుట అను నీ మూడును నేటి క్రీడావ్యాఖ్యానమునకు పట్టిన తెవుళ్లు. మూడింటికిని వేరు ఒక్కటే: చూచువాని పక్షమున మాటలాడవలసినవాడు ఆడించువాని కొలువున చేరినాడు.

ఈ విద్య పుట్టుకను కొంచెము తలచుకొన్నచో దాని ధర్మము తెలియగలదు. 1921 ఏప్రిలు 11వ తేదీన అమెరికాలోని పిట్స్‌బర్గు నగరమునందలి కె.డి.కె.ఎ. రేడియో కేంద్రము ఒక ముష్టియుద్ధమును జరుగుచున్నది జరుగుచున్నట్లు వినిపించినది. ఇంగ్లండులో 1927 జనవరి 15న ట్వికెన్‌హామ్ మైదానమున ఇంగ్లండు, వేల్సు జట్లు రగ్బీ ఆడగా, బి.బి.సి. పక్షమున కప్తాను వేక్‌లామ్ అనునాతడు ఆ యాటను వర్ణించెను. అది ఆ సంస్థకు క్రొత్త పని. ఎట్లు మాటలాడవలెనో తెలియక మాట తడబడకుండుటకై నిర్వాహకులు ఒక యుపాయము చేసిరి. చూపులేని యొకనిని తెచ్చి ఆయన యెదుట కూర్చుండబెట్టి, ఈయనకు ఆట తెలియునట్లు చెప్పిన చాలుననిరి. సరిగా వారమునకు హైబరీలో ఫుట్‌బాలు ఆట ప్రసారమైనప్పుడు, మైదానమును ఎనిమిది గళ్లుగా విభజించిన పటమును పత్రికలో ముందుగనే అచ్చువేసిరి. వ్యాఖ్యాత ఆటను చెప్పుచుండగా మఱియొకడు బంతి ఏ గడిలో నున్నదో అంకె పలుకుచుండెను. ఇంట కూర్చున్నవాడు ఆ పటముపై వ్రేలుంచి బంతి వెంట పోగలిగెను.

వేక్‌లామ్ ఎదుట కూర్చున్న ఆ చూపులేని శ్రోతను చదువరులు మఱవకుందురుగాక. ఈ విద్యకు ఆయనయే మొదటి యజమాని. ప్రత్యక్షవ్యాఖ్యానమనగా, అచ్చట నుండి చూడగలిగినవాడు, చూడలేనివానికి చెల్లించు ఋణము. ఋణము తీర్చువాడు తక్కువ తూచరాదు. తూచుచున్నంతసేపు తన గొప్పను చెప్పుకొనరాదు. మన దేశమున 1930ల నాటి బొంబాయి పోటీలలో తాల్యార్‌ఖాన్ ఒక్కడే దినమంతయు మైక్రోఫోను ముందు కూర్చుండి ఆటను చెప్పుచుండెను. 1938లో ఇంగ్లండున జరుగుచున్న టెస్టు పోటీలను ఆస్ట్రేలియా వ్యాఖ్యాతలు సిడ్నీలోని గదిలో కూర్చుండి, తంతివార్తలను చూచుచు చెప్పిరి. బ్యాటు బంతిని తాకిన చప్పుడునకై పెన్సిలుతో చెక్కను తట్టిరి. చప్పుడు కల్పితమే, కాని వారు చెప్పిన పరుగు ప్రతియొకటియు ఆటలో తీసిన పరుగే. ఈనాడు మనకు వినవచ్చు చప్పుడు నిజమైనది. వికెట్టులోపలనే మైక్రోఫోనును అమర్చిరి. కల్పితమైనది మాట.

క్రీడావ్యాఖ్యాతలను పొగడునప్పుడు సంజయునితో పోల్చుట మన సభలలో వాడుకయైనది. పోల్చువారు భారతమును సరిగా చదివినచో ఆ పోలికకు సంకోచింతురు. సంజయుడు యుద్ధభూమినుండి వచ్చి ధృతరాష్ట్రునితో మొట్టమొదట చెప్పినది భీష్ముడు పడెనను వార్త. పదిదినముల యుద్ధవృత్తాంతము ఆ తరువాతిది. రాజునకు మిక్కిలి యప్రియమైన సంగతిని వాకిటనే దింపి, పిమ్మట కథలో ప్రవేశించెను. అతడు తినునది ధృతరాష్ట్రుని యన్నము. అయినను ఈ నాశనమునకు నీ దోషమే కారణమని ఆ రాజుతోనే పలుమాఱు చెప్పెను. దివ్యదృష్టి వ్యాసుడిచ్చినది, సత్యమును చెప్పు గుండె మాత్రము సంజయుని సొంతము. నేటివారికి యంత్రములిచ్చిన దివ్యదృష్టి సంపూర్ణముగ కలదు. బంతి యెంత వేగమున వచ్చినదో, ఎచ్చట పడి యెంత తిరిగినదో గీతలు గీచి చూపు సాధనములు వారి ముందున్నవి. రెండవదానిని ఏ యంత్రమును ఈయజాలదు.

తెవుళ్లలో మొదటిదానిని చూతము. 2008లో ఐ.పి.ఎల్. ఆరంభమైనప్పుడు, బంతి గీత దాటి అవతల పడినచో సిక్సరనుట మానివేసి, ఒక గృహనిర్మాణసంస్థ పేరు చేర్చి డి.ఎల్.ఎఫ్. మాగ్జిమమ్ అని పలుకుట వ్యాఖ్యాతలకు విధియైనది. బ్యాంకు పేరుతో ఒక విజయఘడియ, చేతిఫోను పేరుతో ఒక క్యాచి వెలసినవి. ఆటకు ఆటకు నడుమ ప్రకటన వేసికొన్నచో ఎవరికిని ఆక్షేపణ లేదు, పత్రికలును వేయుచున్నవి. కాని ఏ పత్రికయును తన వార్తలోని క్రియాపదమును వర్తకునకు అమ్ముకొనలేదు. వర్ణనలోని మాటనే అమ్మినవాడు ఇక దేనిని దాచుకొనును? మల్లినాథుడు మేఘసందేశమునకు టీక వ్రాయుచు, మేఘమను మాట వచ్చినప్పుడెల్ల ఓరుగంటిలోని యొక గొడుగుల వర్తకుని పేరు చెప్పియుండినచో ఎట్లుండును? నవ్వు వచ్చుచున్నది గదా! దినదినమును వినుచుండుటచే మనకు ఆ నవ్వు రాకపోవుటయే విచారింపదగినది.

రెండవది యింతకంటె పెద్దది. మన దేశమున జరుగు అంతర్జాతీయ క్రికెట్టు పోటీలలో, ఆట నడపు బోర్డే వ్యాఖ్యాతలను నియమించు పద్ధతి యేర్పడినది. పరీక్షకుని విద్యార్థియే కుదుర్చుకొన్నట్లున్నది ఈ యేర్పాటు. 2013లో ఆస్ట్రేలియా మాజీ కప్తాను ఇయన్ చాపెల్‌ను వ్యాఖ్యానమునకు పిలిచి, జట్టు ఎంపికను గూర్చియు, బోర్డు పరిపాలనను గూర్చియు, నిర్ణయసమీక్షా పద్ధతిని గూర్చియు మాటలాడరాదని నియమము పెట్టగా, ఆయన అట్టి పని నాకు వలదనెను. హైదరాబాదున పెరిగి, అచ్చటి ఆకాశవాణిలో పిన్నవయసుననే మాట నేర్చిన హర్షా భోగ్లేను 2016 ఏప్రిలులో ఐ.పి.ఎల్. ఆరంభమగు తరుణమున తప్పించిరి. కారణము తనకు తెలుపలేదని ఆయన ప్రకటించెను. తరువాత మరల చేర్చుకొనిరి. 2020 మార్చిలో సంజయ్ మంజ్రేకర్‌ను బోర్డు పట్టికనుండి తొలగించిరి. ఈయన పేరును సంజయుడే! ఒక్క కాకిని చంపి కొయ్యకు వ్రేలాడగట్టినచో తక్కిన కాకులు ఆ చేనిమీద వ్రాలవని మన రైతులెఱుగుదురు. అద్దాల గదిలోని తక్కినవారికి ప్రత్యేకముగ ఉత్తరువులు పంపనక్కఱలేదు.

సుప్రీంకోర్టు నియమించిన పాలకసంఘమునుండి 2017 జూనులో తప్పుకొన్న చరిత్రకారుడు రామచంద్ర గుహ తన లేఖలో మఱియొక సంగతిని బయటపెట్టెను. ఆటగాండ్ర వ్యాపారవ్యవహారములు చూచు సంస్థకు అధిపతియైన మాజీ కప్తానే, బోర్డు పక్షమున ఆ యాటగాండ్రను గూర్చి వ్యాఖ్యానము చేయుట తగునా యని అడిగెను. పెండ్లిపెద్ద వరుని గుణములను వర్ణించుచుండగా, అతడు వరుని బాకీదారుడని తెలిసినచో కన్యాదాత యేమి చేయును? మనమో, తెలిసియు విందారగించుచునే యున్నాము.

ఉప్పు తిన్నవాడు యజమానుని దూషింపవచ్చునా యని కొందఱు ధర్మము బోధింతురు. ఉప్పెవరిదో మొదట తేల్చుకొందము. 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు, బెంగాలు క్రికెట్టు సంఘము వ్యాజ్యమున, ప్రసారతరంగములు ప్రజల యాస్తియని తీర్పు చెప్పినది. ఆ తీర్పు పుట్టినదే క్రికెట్టు ప్రసారపు తగవునుండి. దేశమునకు ముఖ్యమైన పోటీల ప్రసారమును ప్రసారభారతితో పంచుకొనవలెనని 2007లో శాసనమే చేసిరి. ఆట ప్రజలది గాకున్నచో ఈ శాసన మేల? ఆస్తి ప్రజలది, టికెట్టు ప్రజలది, ప్రకటనలో చూపు వస్తువు కొను సొమ్ము ప్రజలది. కావున వ్యాఖ్యాత తినిన యుప్పును ప్రజలదే. ఆ యుప్పునకు ద్రోహము చేయకుండుటయే మేము కోరునది.

యజమానుని యెదిరించిన వ్యాఖ్యాతకు బ్రతుకు లేదను వాదమును నిజము గాదు. 1946లో భారతజట్టు ఇంగ్లండునకు వెళ్లినప్పుడు వ్యాఖ్యానము నారంభించిన జాన్ ఆర్లట్ కవి, పూర్వము పోలీసు ఉద్యోగి. 1970లో వర్ణభేదమును పాటించు దక్షిణాఫ్రికానుండి తెల్లవారి జట్టు ఇంగ్లండునకు రానున్నదని తెలిసి, ఆ పోటీలకు నేను వ్యాఖ్యానము చేయనని ఆయన పత్రికాముఖమున ప్రకటించెను. ఆ పర్యటనము ఆగిపోయినది. ఆర్లట్ కంఠము ఆగలేదు. మఱి పదియేండ్లు, 1980 వఱకు, బి.బి.సి.యందే వినబడినది. జనులు ఆయన మాటను నమ్మిరి గనుకనే సంస్థయును ఆయనను నిలుపుకొన్నది. నమ్మకమును మించిన జీతమేది?

ఇక, ఆట తెరమీద కనబడుచుండగా వర్ణన యెందుకు, వినోదమే చాలునని వేఱొక వాదము. ఆట కనబడుచున్నమాట నిజమే. కనబడుచున్నచో చెప్పవలసిన దేమి? కారణము. ఈ బంతికి ఫీల్డరును అచ్చటనుండి ఇచ్చటకు ఏల మార్చిరి? నిన్న శతకము చేసినవాడు ఈనాడు తడబడుట కేమి హేతువు? అది చెప్పలేనప్పుడు మౌనము మేలు. రిచీ బెనో అను ఆస్ట్రేలియా వ్యాఖ్యాత, చిత్రమునకు చేర్పవలసినదేమైన నున్నప్పుడే నోరు తెఱచువాడని పేరు పొందెను. మనవారికి మౌనమనగా అప్పులవాడు వచ్చినట్లున్నది.

మఱియు, అందఱకును కనబడుచున్నదని యెవరు చెప్పిరి? చూపులేనివారు మన యిండ్లలో లేరా? కన్ను మసకబారిన తాతలు లేరా? ఆంధ్రప్రదేశమునకు చెందిన అజయ్ కుమార్ రెడ్డి నాయకత్వమున భారత అంధుల జట్టు 2017లో ట్వంటీ-ట్వంటీ ప్రపంచకప్పును గెలిచినది. ఆ క్రికెట్టులో బంతి లోపల గుండ్లుండి గలగలలాడును. బంతి వేయువాడు సిద్ధమా యని యడిగి, ఔనను జవాబు విని, ఆడుమని పలికి బంతిని విడువవలెను. అచ్చట మాట అలంకారము గాదు, ఆటలోని నియమము. మాట తప్పినచో బంతి చెల్లదు. చూపులేనివారు ఆడు ఆటలో మాటకు ఇంత విలువ యుండగా, చూపున్నవారు చెప్పు మాటకు అందులో పదవవంతు విలువయైన నుండవలదా?

ఇప్పుడు మన తెలుగు వ్యాఖ్యానము మాట. 2018 డిసెంబరులో స్టార్ సంస్థ తెలుగునకు ప్రత్యేకముగ ఒక క్రీడాచానెలును పెట్టినది. 2023లో జియో సినిమా ఐ.పి.ఎల్. పోటీలను 12 భాషలలో వినిపింపగా అందు తెలుగు ఒకటి. ఇంగ్లీషు రాని అవ్వ మనుమని ప్రక్క కూర్చుండి ఆటను తెలిసికొనుచున్నది. ఇది నిజమైన సంస్కారము. దీనిని నేను మనసార అభినందించుచున్నాను. వికెట్టునకును ఓవరునకును కఠినమైన సంస్కృతపదములు కల్పింపవలెనను పండితులతో నాకు పొత్తు లేదు. బ్యాటు తెలుగైనది, అంపైరు తెలుగైనాడు. నా యాక్షేపణ మాటల పుట్టుకను గూర్చి గాదు, వాని పనిని గూర్చి.

తెలుగు వ్యాఖ్యానమున సగము సినిమా నాయకుల సంభాషణలు, సగము అంత్యప్రాసలు. బంతి గీత దాటినచో ఊచకోత, రెండు దాటినచో విధ్వంసము. ఊచకోత యనునది జలియన్‌వాలాబాగున జరిగినదానికి మనము పెట్టుకొన్న పేరు. దానిని ఇరువది పరుగులకు ఖర్చుపెట్టినవాడు, నిజమైన ఊచకోతను చెప్పవలసివచ్చినప్పుడు ఏ మాటను వాడును? బడిలో వ్యాసములు దిద్దువారికి దీని ఫలము తెలియును. బాలుడు గోదావరిని చూచి వచ్చి అద్భుతమని వ్రాయును. ఎంత వెడల్పు, నీరు ఏ రంగు, రేవున నెవరున్నారని అడిగినచో తెల్లబోవును. చూచుట మఱచి కేకవేయుట నేర్చినాడు. ఎవరు నేర్పిరి?

మన భాషకు శక్తి లేక ఇట్లయినదా? కానే కాదు. పరుగెత్తు ఆటను చెప్పుటకు తెలుగంత యనువైన భాష యరుదు. మన క్త్వార్థక క్రియలను చూడుడు: నాలుగడుగులు వేసి, మణికట్టు త్రిప్పి విడువగా, బంతి గాలిలో వంగి, కాలి ముందఱ పడి, లోనికి తిరిగి, బ్యాటునకును మోకాలికిని నడుమ దూరి, వికెట్టును... తాకినదా, తప్పినదా? తుది క్రియ వచ్చువఱకు తెలియదు. ఇంగ్లీషున క్రియ కర్త వెంటనే వచ్చి గుట్టు బయటపెట్టును. తెలుగున వాక్యమే బంతివలె పరుగెత్తి చివరనే ఆగును. ఇంతటి సాధనమును మూలను పడవేసి కేకలు వేయుచున్నారు. 2014లో ప్రొ కబడ్డీ మొదలైనప్పటినుండియు తెలుగు టైటన్స్ అను జట్టు కలదు. ఆ యాటకు మన పల్లెలు కూతకు వెళ్లుట, కూత తెగుట అను చక్కని మాటలు ఇచ్చినవి. పీట వేయవలసినది వానికి గదా!

బుఱ్ఱకథలో కథకునకు ఇరుప్రక్కల ఇద్దఱు వంతలుందురు. ఒకడు హాస్యము చెప్పును. మఱియొకడు రాజకీయము చెప్పును. కథ నడుమ దొరల యన్యాయమును, లోకపు తీరును ఎత్తిచూపువాడు అతడే. నేటి వ్యాఖ్యాతల గదిలోను ముగ్గురు కూర్చుందురు. కాని రాజకీయపు వంతను దొరలే గెంటివేసిరి. మిగిలినవారందఱును హాస్యపు వంతలే. నిరక్షరాస్యులైన పల్లెజనులు చెట్టుక్రింద కూర్చుండి విన్న కథలో నున్న విమర్శ, చదువుకొన్న మన యిండ్లలోనికి వచ్చు వ్యాఖ్యానమున లేకపోవుట మనకు అవమానము గాదా?

చేయవలసినది కష్టమైనది గాదు. వ్యాఖ్యాతకును బోర్డునకును జరిగిన యొడంబడికలో ఏమేమి మాటలాడరాదని యున్నదో బహిరంగముగ ప్రకటింపవలెను. ప్రకటనను ప్రకటనగా చెప్పవలెను, వర్ణనలో కలుపరాదు. ఇన్ని భాషలకు ఇన్ని గొంతులను ఏర్పఱుపగలిగినవారు, చూపులేనివారికై మైదానమును ఉన్నదున్నట్లు చెప్పు గొంతును తెలుగున ఒకటి చేర్పవలెను. ఆటయును భాషయును రెండును తెలిసినవారిని ఎన్నుకొని తరిఫీదు ఇయ్యవలెను. వీనిని కోరుచు ఒక్కొక్క యిల్లు ఒక్కొక్క జాబు వ్రాసినచో, ప్రేక్షకుల సంఖ్యను లెక్కపెట్టుకొని బ్రతుకు సంస్థలు వినకపోవు.

అంతవఱకు గృహస్థులు తమ యింట చేయదగిన పని యొకటి కలదు. ఆట సాగుచుండగా ఒక ఓవరుసేపు ధ్వనిని కట్టివేసి, పిల్లవానిని పిలిచి, వంటయింటనున్న అవ్వకు ఆటను చెప్పుమనుడు. మొదట తడబడును. కొన్ని దినములకు ఎవరు ఎచ్చట నిలిచినారో చూచును, తమ జట్టువాడు తప్పు చేసినచో తప్పనియే చెప్పును. అబద్ధము చెప్పినచో అవ్వ మరునాడు పత్రికలో చదివించుకొని నిలదీయును. అద్దాల గదిలోనివారిని నిలదీయుటకు అలవాటు అచ్చటనే మొదలు కావలెను.